ఇంటిపేరు వేమూరి, డీఎన్ఏ మాత్రం వేరే ఇంటివాళ్లతో కలిసింది. దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

ప్రశ్న: కొత్తపేట ఆడపడుచు

అందరికీ నమస్కారమండీ. మాది కోనసీమ, కొత్తపేట దగ్గర పల్లెటూరు. నాకు అరవై రెండేళ్లు. హైస్కూల్లో లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాను. పెళ్లయ్యాక కాగితాల మీద నా ఇంటిపేరు మారిపోయింది గానీ, "మీరు ఎవరింటి ఆడపడుచండీ" అని ఎవరైనా అడిగితే ఇప్పటికీ నోట్లోంచి "వేమూరి వారి ఆడపడుచునండీ" అనే వస్తుంది.

మా ఇంట్లో ఒక కథ ఉంది. మా ముత్తాతగారి తాత గుంటూరు జిల్లా వేమూరు నుంచి డొక్కల కరువులో పిల్లాజెల్లాతో బయల్దేరి, గోదావరి దాటి ఇక్కడికొచ్చి పడ్డారట. వచ్చినవాడు గుడిసె వేసుకోకముందే వేపమొక్క నాటాడట, ఊరి పేరు గుర్తుండాలని. పెరట్లో ఇప్పుడున్న వేపచెట్టు దాని పిలకేనని నాయనమ్మ చెప్పేది. ఉగాది పచ్చడికి పువ్వు ఆ చెట్టుదే రాల్చాలి, పక్కింటి చెట్టు పువ్వు పనికిరాదు. చిన్నప్పుడు చీర కొంగు పట్టుకుని ఆ పువ్వు ఏరినదాన్ని నేను. ఆ కథ అబద్ధమంటే నా వల్ల కాదు.

ఇప్పుడు సంగతి. మా తమ్ముడి కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. పోయిన ఏడాది ఉమ్మి పంపి డీఎన్ఏ పరీక్ష చేయించుకున్నాడు. వాడికి అక్కడ తెనాలి వైపు వేమూరి వారబ్బాయి స్నేహితుడు. ఇంటిపేరూ గోత్రమూ ఒకటే కావడంతో అన్నదమ్ముల్లా ఉంటారు. వాళ్ల పెద్దాయన పోతే మావాడు మైల కూడా పట్టాడు. తీరా చూస్తే పరీక్షలో ఇద్దరికీ ఏమీ కలవలేదు. తండ్రి వైపు గుర్తు మావాడికి హెచ్-ఎం82 అని, ఆ అబ్బాయికి ఆర్-జెడ్93 అని వచ్చింది. పైగా న్యూజెర్సీలో ఉంటున్న ముక్కామల వారాయన ఒకరు, యాభై ఏళ్ల మనిషి, మావాడికి "రెండో లేదా మూడో తరం కజిన్" అని చూపిస్తోంది. 118 సెంటీమోర్గాన్లు అట, ఇద్దరికీ డీఎన్ఏ ఎంత కలిసిందో చెప్పే కొలత అది. ముక్కామల అంటే మా ముత్తవ్వ పుట్టింటివారి పేరు. అది తప్ప ఆ ఇంటితో మాకు రాకపోకల్లేవు.

ఈ మాట మా బాబాయికి చెప్పాను. ఆయనకు ఎనభై మూడు. మా నాన్నగారి తరంలో మిగిలింది ఆయనొక్కరే. విన్నాక మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నారు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. బంధువుల్లో ఒకరిద్దరు వెకిలి మాటలు కూడా అన్నారు, అవి ఇక్కడ రాయలేను.

మా ఇంటిపేరు మాది కాదా? వేమూరు అనే ఊరికీ మాకూ నిజంగా సంబంధం ఉందా? నేను ఆడదాన్ని, నా డీఎన్ఏ దీనికి పనికిరాదంటున్నారు. నిజమేనా? తెలిసినవాళ్లు చెప్పండి. బాబాయి ఉండగానే తెలుసుకోవాలని ఆరాటం.

జవాబు: తెలుగు మాస్టారు

చెల్లెమ్మా, ముందు ఊరి సంగతి చెబుతాను. డీఎన్ఏ నాకు తెలియదు.

వేము అంటే వేప. తమిళంలో వేంబు, కన్నడంలో బేవు. అన్నీ ఒక కొమ్మ మాటలే. వేము, ఊరు కలిసి వేమూరు. ఊళ్ల పేర్లు చూడబోతే వేము, చింత, తాడి, రావి, వెలగ లేని తాలూకా ఉండదు. అయితే పైకి కనబడే అర్థాన్ని అన్నిచోట్లా నమ్మకూడదు. వేములవాడ అంటే వేపచెట్ల ఊరని అనేస్తాం. చాళుక్యుల కాలపు శాసనాల్లో అది లేంబులవాటిక. మీ వేమూరు మాత్రం తెనాలి పక్కది, ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి వచ్చింది. ఆ మాటను వేప నుంచి వేరు చేయాల్సిన అవసరం నాకెప్పుడూ కనబడలేదు.

ఇక వేమూరు వేమూరి ఎందుకైంది? ఊరు అన్నది ఊరి అవుతుంది, వీడు వీటి అవుతుంది, పాడు పాటి అవుతుంది. టంగుటూరు టంగుటూరి, కొండవీడు కొండవీటి. ఇల్లు ఇంటి అయినట్టే. ఇంటిపేరు అన్న మాటలోనే ఆ మార్పు ఉంది చూడండి. ఔపవిభక్తికాలని పిల్లలకు పాఠం చెబుతాం. వేమూరి అంటే "వేమూరుకు చెందిన" అని, అంతే. ఫలానా మనిషికి పుట్టినవాడు అన్న అర్థం అందులో ఎక్కడా లేదు.

ఇంకొక్కటి. వేమూరులోనే ఉండేవాణ్ని వేమూరివాడని ఎవరూ పిలవరు. అక్కడ అందరూ వేమూరివాళ్లే కదా! ఊరు వదిలి మరో ఊరికి వెళ్లినవాడికే ఆ పేరు అంటుకుంటుంది. సర్వేపల్లి నెల్లూరు జిల్లాలో ఉంది, రాధాకృష్ణన్ గారు 1888లో పుట్టింది తిరుత్తణిలో. కందుకూరు ఉన్నది ఒంగోలు వైపు, వీరేశలింగం గారు 1848లో పుట్టింది రాజమహేంద్రవరంలో. గురజాడ కృష్ణా జిల్లా ఊరు, అప్పారావు గారిది విజయనగరం. కాబట్టి మీ ఇంటిపేరు మీవాళ్లు వేమూరు విడిచిపెట్టారని చెబుతోంది. ఆ ఊరు ఎంతమంది విడిచి ఉంటారు? ఏ కులం వాళ్లయినా, ఎప్పుడు వెళ్లినా, వెళ్లినచోట వాళ్లు వేమూరి వారే. అందుకే ఒకే ఇంటిపేరు నాలుగైదు కులాల్లో కనబడుతుంది. తెనాలి అబ్బాయిదీ మీదీ ఒకే ఊరు కావచ్చు, ఒకే ఇల్లు కానక్కర్లేదు.

డొక్కల కరువు నందన నామ సంవత్సరం, అంటే 1832–33. గుంటూరు సీమ సగం ఖాళీ అయిన మాట నిజమే. కానీ అప్పటికి గోదావరి జిల్లా పచ్చగా ఏమీ లేదు. అక్కడా కరువులే, 1839లో కోరంగి తుఫాను. ఆ జిల్లా దురవస్థ మీద కంపెనీ అధికారి మాంట్‌గోమరీ 1844లో రిపోర్టు రాశాకనే కాటన్ దొర మాట చెల్లింది. 1847లో మొదలై 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవ నీళ్లకు జనం తరలివచ్చారు. మీ పెద్దాయన కరువులో ఊరు వదిలి, ఎక్కడెక్కడో తిరిగి, ఆ తర్వాత కోనసీమ చేరాడేమో. కథ అబద్ధం కాదమ్మా, ఒక తరం మడతపడి ఉండొచ్చు.

జవాబు: పాత నకలు

అమ్మగారూ, నేను దస్తావేజు లేఖరిని. ముప్పై ఏళ్లుగా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదుట కూర్చుంటున్నాను. మీరు రాసింది చదవగానే నాకు తట్టింది ఒకటే. మీ తాతగారు దత్తుడేమో కనుక్కోండి. ముత్తవ్వ పుట్టింటి వారితో రక్తం కలుస్తోందంటే, ఆవిడ తమ్ముడి కొడుకునో అన్న కొడుకునో పెంచుకుని ఉండొచ్చు. పిల్లల్లేని ఇళ్లలో అది మామూలే. ఇల్లరికం అయినా కొన్ని ఇళ్లలో మామగారి ఇంటిపేరే నిలిచేది.

ఈసీ, అంటే ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం, తీయించి ఏమీ లేదనుకోకండి. ఈసీలో వచ్చేవి ఒకటో పుస్తకంలోని స్థిరాస్తి లావాదేవీలే. వీలునామాలు, దత్తతకు ఇచ్చే అధికార పత్రాలు మూడో పుస్తకంలోకి వెళ్తాయి. ఆస్తి ప్రసక్తి లేని దత్తత పత్రం నాలుగో పుస్తకంలో ఉంటుంది. ఒకటో పుస్తకం ఎవరైనా చూడొచ్చు. నాలుగో పుస్తకంలో నకలు మాత్రం రాసినవాళ్లకీ, దాని కింద హక్కున్నవాళ్లకీ, వాళ్ల ప్రతినిధులకే ఇస్తారు. కాబట్టి అర్జీ మీ బాబాయిగారి పేరున పెట్టించండి. ఏ సంవత్సరమో తెలిస్తే ఇండెక్సులో పేరు పట్టుకోవడం తేలిక. తెలియకపోతే వెతుకులాట రుసుము ఏడాదికింత అని కట్టాలి.

ముందు ఇంట్లో ట్రంకుపెట్టెలు చూడండి. 1984లో కరణాలను తీసేశాక ఊళ్లలో ఎన్నో కాగితాలు చెల్లాచెదురయ్యాయి. ఇళ్లలో ఉన్నవే మిగిలాయి.

జవాబు: పిపెట్

టీచర్ గారూ, నేను హైదరాబాద్‌లో జన్యుశాస్త్రం ల్యాబులో పనిచేస్తాను. పెద్దలిద్దరూ చెప్పినదానికి నా వైపు నుంచి కొంత కలుపుతాను.

వై క్రోమోజోమ్ తండ్రి నుంచి కొడుక్కి వెళ్తుంది. ఇంటిపేరు నడిచే దారి కూడా అదే. అందుకే రెండూ కలిసి నడవాలని అనుకుంటాం. మీ మేనల్లుడి హెచ్, తెనాలి అబ్బాయి ఆర్ విడిపోయి కొన్ని పదుల వేల ఏళ్లయింది. కాబట్టి మగవాళ్ల వరసలో వాళ్లిద్దరికీ ఇంటిపేర్లు పుట్టాక ఒక మూలపురుషుడు ఉండే ప్రసక్తే లేదు. కారణం మాస్టారు చెప్పినది కావచ్చు, లేఖరి గారు చెప్పినది కావచ్చు. వెకిలి మాటలన్నవాళ్లకు ఈ రెండూ తెలియవు, అంతే. ఇంకో విషయం, హెచ్ ఫలానా కులానిది, ఆర్ ఫలానా కులానిది అని వీడియోల్లో చెబుతుంటారు. నమ్మకండి. తెలుగునాట ఇంచుమించు ఏ కులంలో చూసినా ఈ రెండూ ఉంటాయి, వాటితోపాటు ఎల్, ఆర్2, జే2 కూడా.

ఇక 118. మొత్తం సుమారు ఏడు వేల సెంటీమోర్గాన్లలో అది ఒకటిన్నర శాతం పైచిలుకు. సొంత పెదనాన్న పిల్లలతో సగటున పన్నెండున్నర శాతం కలుస్తుంది. తర్వాతి తరం పిల్లల మధ్య మూడు శాతం, ఆ తర్వాత ముప్పావు శాతం. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఈ కంపెనీల లెక్కలు మేనరికాలు లేని జనాన్ని చూసి వేసినవి. మనకు మేనమామకు పిల్లనివ్వడం, మేనత్త కొడుక్కి చేసుకోవడం తరతరాలుగా ఉంది. అదీగాక, హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధన సంస్థ వాళ్లూ హార్వర్డ్ వాళ్లూ కలిసి 2009లోనూ 2013లోనూ ప్రచురించిన పనిలో తేలింది ఏమిటంటే, సుమారు 4,200 ఏళ్ల నుంచి 1,900 ఏళ్ల కిందటి దాకా ఈ దేశంలో జనం విపరీతంగా కలిసిపోయారు, ఆ తర్వాత ఎవరి గుంపులో వాళ్లే పెళ్లాడటం మొదలైంది. అందువల్ల ఒకే గుంపులో ఏ ఇద్దర్ని పరీక్షించినా ఎంతో కొంత కలుస్తుంది, దగ్గర చుట్టరికం లేకపోయినా. చిన్న చిన్న ముక్కలు చాలా కలిస్తే పాత చుట్టరికం. పొడవాటి ముక్కలు నాలుగైదు కలిస్తే దగ్గరిది. మీ మేనల్లుణ్ని ముక్కల పొడవు చూడమనండి.

ఎవరిది ఏ గుంపో తెలియడం వల్ల మంచి కూడా జరుగుతుంది, ఇది చెప్పకుండా ఉండలేను. వైశ్య కుటుంబాల్లో బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము లోపం ఎక్కువ. ఆపరేషన్‌లో సక్సినైల్‌కోలిన్ అనే కండరాలు సడలించే మందు ఇస్తే అవి చాలాసేపు పట్టు తప్పిపోతాయి. తెలిసిన మత్తు డాక్టర్లు ముందే అడిగి వేరే మందు వాడతారు. వంశం తెలుసుకోవడమంటే ప్రాణం కాపాడుకోవడం కూడా.

"దక్షిణ భారతం ఇంత శాతం" అని వచ్చే అంకెను మాత్రం పట్టించుకోకండి. ఎవరి నమూనాలతో పోల్చారన్నదాన్ని బట్టి అది మారిపోతుంది. ప్రపంచమంతా వాడే వెయ్యి జీనోముల ప్రాజెక్టులో తెలుగువాళ్ల నమూనాలు 102, అన్నీ బ్రిటన్‌లో స్థిరపడినవాళ్లవే. అందులో మీ కొత్తపేట ఎక్కడ దొరుకుతుంది!

చివరికి మీ ప్రశ్న. మీ డీఎన్ఏ ఎందుకు పనికిరాదండీ? వై ఒక్కటే మీకు లేదు. మిగతా ఇరవై రెండు జతల్లో మీ తాతగారి పాలు మీ మేనల్లుడికంటే మీలోనే ఎక్కువ. మీరు ఒక తరం దగ్గర. లేఖరి గారి ఊహ నిజమై, న్యూజెర్సీ ఆయన మీ తాతగారి తోడబుట్టినవాడి మనవడే అయితే, మీకూ ఆయనకూ సగటున మూడు శాతం, అంటే 118కి ఇంచుమించు రెట్టింపు కలవాలి. మీరే ఉమ్మి ఇవ్వండి. ఆయన వై గుర్తు కూడా అడిగి చూడండి. మేనరికం వల్ల పెరిగిందేమోనన్న అనుమానం దాంతో తీరుతుంది.

కొత్తపేట ఆడపడుచు:

మీ ముగ్గురికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. పిపెట్ గారూ, మీ చివరి పేరా చదివి కాసేపు అలా కూర్చుండిపోయాను. నా పెళ్లయినప్పటి నుంచి "ఆ ఇంటి విషయాలు నీకెందుకమ్మా" అన్న మాట విని విని, నాలో ఆ ఇంటిది ఏమీ లేదని నేనే అనుకున్నాను. డబ్బాకి ఆర్డరు పెట్టమని మేనల్లుడికి చెప్పాను.

కొత్తపేట ఆడపడుచు (రెండున్నర నెలల తర్వాత):

ఫలితం వచ్చింది. న్యూజెర్సీ ఆయనతో నాకు 241. ఆయన వై గుర్తు హెచ్-ఎం82. మావాడికీ ఆయనకూ కలిసిన ముక్కలు అయిదు, అందులో ఒకటి బాగా పొడుగుది.

ఈ కాగితం తీసుకుని బాబాయి దగ్గరికెళ్లాను. చదివి వినిపించలేదు. మంచం పక్కన కూర్చుని, "తాతయ్య ముక్కామల వారబ్బాయే కదా బాబాయ్" అన్నాను. ఆయన చాలాసేపు ఫ్యాను వైపు చూసి, మొలతాడుకున్న తాళంచెవి ఇచ్చారు.

ట్రంకుపెట్టె అడుగున పట్టుపంచెలో చుట్టి ఉంది. ఐదో జార్జి బొమ్మ ఉన్న స్టాంపు కాగితాలు రెండు, మడతల దగ్గర చిరిగిపోయి దారంతో కుట్టి ఉన్నాయి. ప్రభవ నామ సంవత్సరం, 1927. మా ముత్తాతగారు తన భార్య తమ్ముడి రెండో కొడుకుని, తొమ్మిదేళ్ల పిల్లాణ్ని దత్తు తీసుకున్నట్టు. కింద ముత్తవ్వ వేలిముద్ర. తన పుట్టింటి పిల్లాణ్ని తన ఇంటికి తెచ్చుకుంటూ వేసిన ముద్ర. సిరా గోధుమరంగుకి తిరిగిపోయింది గానీ గీతలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. అది నా బొటనవేలి పక్కన పెట్టి చూసుకున్నాను. ఎందుకో నాకే తెలియదు.

బాబాయి తర్వాత చెప్పారు. ముత్తాత పోయాక దాయాదులు ఈ దత్తత చెల్లదని రెండెకరాల కోసం కోర్టుకెక్కారట. తొమ్మిదేళ్లు నడిచిందట. గెలిచాక కూడా నాయనమ్మ ఇంట్లో దత్తు అన్న మాట ఎవరూ ఎత్తకూడదని పిల్లలతో ప్రమాణం చేయించిందట. నాన్న ఆ మాట దాచుకునే పోయారు. బాబాయి గోడవైపు తిరిగి పడుకున్నది అవమానంతో కాదు, అమ్మకిచ్చిన మాట నా చేత తప్పుతోందని.

ఇంకొకటి రాయాలి. 1979లో మా అక్కకి ముక్కామల వారి సంబంధం వచ్చింది. పిల్లాడు ఎల్ఐసీలో చేసేవాడు. గోత్రాలు వేరు, జాతకాలు కుదిరాయి, కట్నం మాట లేదు. తాంబూలాలు పుచ్చుకునే ముందురోజు తాతయ్య వద్దన్నారు. కారణం చెప్పలేదు. అక్క నెల రోజులు ఏడ్చింది. ఆ తర్వాత తాతయ్యతో చనువుగా ఉండటం మానేసింది. ఇప్పుడు తెలుస్తోంది, ఆ పిల్లాడు తాతయ్య సొంత అన్నగారి మనవడు. అక్కకి వరసకి అన్న. దత్తు వెళ్లినవాడి గోత్రం మారినా, పుట్టింటి వరసలో పెళ్లి నిషేధం పోదట. 1956 దత్తత చట్టంలోనూ అలాగే ఉందని లేఖరి గారు విడిగా రాశారు. అందరూ శుభమంటున్నప్పుడు ఆ ఒక్క ముసలాయనకే తెలుసు. చెబితే ఇంటి కట్టు తప్పాలి, చెప్పకపోతే పాపం.

అక్కకి ఫోన్ చేసి చెప్పాను. అవతల చాలాసేపు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత, "ఆ రోజు ఆయన అన్నం ముట్టలేదే, నీకు గుర్తుందా? నా మీద కోపమనుకున్నాను" అంది.

తెనాలి అబ్బాయికి మావాడు ఫోన్ చేసి అంతా చెప్పాడు. "అయితే ఏంట్రా, నువ్వు పట్టిన మైల వెనక్కిచ్చేస్తానా" అన్నాడట.

బాబాయి పుట్టి బుద్ధెరిగాక తండ్రి పుట్టిన ఇంటి గుమ్మం తొక్కలేదు. చూడాలంటున్నారు. మాస్టారు చెప్పినట్టే, ముక్కామల వారు ముక్కామలలో లేరు, అమలాపురం పక్కన ఉన్నారు. వచ్చే శనివారం కారు మాట్లాడాం. మాస్టారూ, మిమ్మల్ని ఒకటి అడగాలి. ముక్కామలలు రెండున్నాయి. ఒకటి అంబాజీపేట మండలంలో, ఇంకొకటి గోదావరి అవతల పెరవలి మండలంలో. వీళ్లు ఎక్కణ్నుంచి వచ్చారన్నది న్యూజెర్సీ ఆయనకీ తెలియదట. ఆ ఇంటి పెద్దవాళ్లను ఏమేమి అడిగితే తెలుస్తుందో శుక్రవారంలోగా రాయగలరా?